ఇస్మీనీ పిరికిది కాదు

సోఫోక్లిస్ రాసిన ‘ఆంటిగొనీ’ని ఎవరు పరిచయం చేసినా తొలి రంగం గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్లిపోతారు. సోదరుడి శవాన్ని పూడ్చడానికి ఆంటిగొనీ తెగించింది, ఆమె తోబుట్టువు ఇస్మీనీ భయపడి వెనక్కి తగ్గింది. ఒకరు ధీర, ఇంకొకరు పిరికిది. ఆంటిగొనీ ధైర్యం ఎత్తు తెలియాలంటే పక్కన పొట్టి మనిషి ఒకరు కావాలి కాబట్టి నాటకకర్త ఇస్మీనీని అక్కడ నిలబెట్టాడు. విద్యార్థుల గైడ్ల నుంచి ప్రదర్శనల కరపత్రాల దాకా ఇదే మాట. ఇది తప్పని నా వాదన. తొలి రంగంలో ఇస్మీనీని పిరికిదిగా ముద్ర వేసింది ఆంటిగొనీ. ఒక పాత్ర, దుఃఖమూ కోపమూ ముప్పిరిగొన్న వేళ, మరో పాత్ర మీద చెప్పిన తీర్పు అది. ఆంటిగొనీ మీద మనకున్న గౌరవం కొద్దీ ఆ తీర్పును సోఫోక్లిస్ తీర్పుగా పుచ్చుకున్నాం. నాటకం మాత్రం ఆ మాటను ఎక్కడా బలపరచలేదు. పైపెచ్చు, ఆ తీర్పు ఎంత తొందరపాటుదో, ఎంత అన్యాయమైనదో తర్వాతి రంగాల్లో సాక్ష్యాలతో సహా చూపించింది.

ముందు ఆ రంగాన్ని దగ్గర్నుంచి చూడాలి. క్రీ.పూ. 441 ప్రాంతంలో ఏథెన్స్ ప్రేక్షకుల ముందుకు వచ్చిన నాటకమిది. తొలి రంగం నిడివి 99 పంక్తులు. ఇంకా తెల్లవారలేదు. థీబ్స్ రాజప్రాసాదం గుమ్మం బయటికి ఆంటిగొనీ ఇస్మీనీని పిలుచుకొచ్చింది, లోపలివాళ్ల చెవిన పడకూడదని. ఆర్గోస్ సైన్యం ఆ రాత్రే ముట్టడి వదిలి పారిపోయింది. వాళ్ల తండ్రి ఈడిపస్ కొడుకులిద్దరూ, ఊరిని కాపాడబోయిన ఎటియోక్లిస్, ఊరి మీదికి దండెత్తి వచ్చిన పోలినైసిస్, ఒకరి చేతిలో ఒకరు చచ్చారు. గద్దెనెక్కిన మేనమామ క్రియాన్ మొదటివాడికి సకల మర్యాదలతో అంత్యక్రియలు జరిపించి, రెండోవాడి శవాన్ని కుక్కలకూ పక్షులకూ వదిలేయమన్నాడు. కాదని పూడ్చినవాళ్లను ఊరి నడుమ రాళ్లతో కొట్టి చంపుతారు. యుద్ధం ముగిశాక ధర్మరాజు ఇరుపక్షాల వీరులకూ, నా అన్నవాళ్లు లేనివాళ్లకూ దహన సంస్కారాలు చేయించిన స్త్రీపర్వాన్ని తిక్కన తెలుగులో చదువుకున్న మనకు ఈ ఆజ్ఞ ఎంత క్రూరమైనదో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. కానీ ఈ సంగతులన్నీ ఆంటిగొనీకి ముందే తెలుసు. ఇస్మీనీకి తెలియవు. సోదరులు పోయారని, శత్రుసైన్యం వెళ్లిపోయిందని తప్ప మంచీ చెడూ మరే కబురూ తన దాకా రాలేదని ఆమె మొదటే చెబుతుంది. ఒకరు ఆలోచించుకుని, నిర్ణయం తీసుకుని, ఆ నిర్ణయంతో వచ్చి నిలబడ్డారు. ఇంకొకరికి కబురూ, చావు బెదిరింపూ, కోరికా ఒక్క ఊపిరిలో వచ్చి మీదపడ్డాయి. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకుండా ఇద్దరి ధైర్యాన్నీ పోల్చడం న్యాయం కాదు.

పైగా ఆంటిగొనీ అడిగిన తీరు చూడండి. కబురు చెప్పీ చెప్పగానే, నువ్వు పుట్టుకకు తగినదానివో, గొప్ప ఇంట పుట్టిన నీచురాలివో ఇప్పుడు తేలిపోతుందంటుంది. శవాన్ని ఎత్తడానికి చెయ్యి కలుపుతావా అన్న అసలు ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది. అంటే ప్రశ్నకన్నా ముందే శిక్ష సిద్ధంగా ఉంది. ఔనంటే కులీన, కాదంటే నీచురాలు. ఆలోచించడానికి, వేరే దారి వెతకడానికి, ఒక రోజు ఆగుదామనడానికి అందులో చోటు లేదు. ఆంటిగొనీ సాయం అడిగిన పంక్తికీ, ఇకమీదట నువ్వు వస్తానన్నా నేను రానివ్వనని తేల్చేసిన పంక్తికీ మధ్య దూరం ముప్పై పంక్తులు కూడా ఉండదు. ఒక జీవితకాలపు తోబుట్టువు బంధం ఆ ముప్పై పంక్తుల్లో తెగిపోయింది. తెంచింది ఇస్మీనీ కాదు.

ఆ వ్యవధిలో ఇస్మీనీ ఏం చెప్పింది? ఇంటిలెక్క చెప్పింది. తండ్రి తన పాపాలు తానే తవ్వి తీసుకుని, తన కళ్లు తానే పొడుచుకుని, లోకనింద మోస్తూ పోయాడు. అతనికి తల్లీ భార్యా కూడా అయిన తల్లి ఉరి పోసుకుంది. తోడబుట్టినవాళ్లిద్దరూ ఒకే రోజు ఒకరినొకరు చంపుకున్నారు. ఇక మిగిలింది మనిద్దరం. విచిత్రమేమిటంటే ఆంటిగొనీ కూడా నాటకాన్ని సరిగ్గా ఈ లెక్కతోనే మొదలుపెడుతుంది, ఈడిపస్ నుంచి సంక్రమించిన కీడుల్లో తమకు తగలనిదంటూ ఏమైనా మిగిలిందా అని. ఇద్దరి ముందున్న చిట్టా ఒకటే. పోయినవాళ్లలో ఎవరికి ఇంకా రుణపడి ఉన్నామన్నది ఆంటిగొనీ చూసింది. ఉన్నవాళ్లలో ఎవరిని ఇంకా కాపాడుకోగలమన్నది ఇస్మీనీ చూసింది. రెండోది చిన్న ఆలోచన ఎలా అవుతుంది? ఆ చిట్టాలో తల్లి మెడకు బిగిసిన తాడును ఇస్మీనీ ప్రత్యేకంగా తలుచుకుంటుంది. నాటకం చివర, క్రియాన్ ఆమెను ప్రాణాలతోనే మూయించిన రాతిగుహలో ఆంటిగొనీ చనిపోయేది మెడకు బిగించుకున్న బట్టతోనే. ఆ శవం పక్కనే ఆమెకు కాబోయే భర్త, క్రియాన్ కొడుకు హేమాన్ కత్తి మీద పడి చనిపోతాడు. ఆ వార్త విన్న అతని తల్లి యూరిడిసీ ఇంట్లో తనను తాను పొడుచుకుంటుంది. ఇస్మీనీ తెల్లవారుజామున చెప్పిన లెక్క పొద్దుగుంకకముందే మరో ముగ్గురితో పెరిగింది. నాటకం ఆమె భయాన్ని గాలికబురుగా కొట్టిపారేయలేదు, పొల్లుపోకుండా నిజం చేసి చూపింది.

ఇక ఆ భయం ఎవరి కోసం? ఆ ప్రశ్నకు రంగంలోనే నేరుగా జవాబుంది. నీ కోసం నాకు వణుకు పుడుతోందని ఇస్మీనీ ఆంటిగొనీతో అంటుంది. నా సంగతి నీకెందుకు, నీ బతుకు నువ్వు చక్కబెట్టుకో అని ఆంటిగొనీ కసిరేస్తుంది. ఇస్మీనీ తన ప్రాణం కోసమే వణికిందని రాసేవాళ్లు ఈ రెండు మాటలనూ ఎక్కడ వదిలేస్తారో నాకు అర్థం కాదు.

ఇప్పుడు అసలైన అభ్యంతరం. ఇస్మీనీ ఇంకో మాట కూడా అంది కదా: మనం ఆడవాళ్లం, మగవాళ్లతో పోరాడటానికి పుట్టలేదు, మనకన్నా బలవంతుల ఏలుబడిలో ఉన్నాం, ఇంతకన్నా కష్టమైనవాటికైనా తలొగ్గక తప్పదు. దీన్ని లొంగుబాటుకు పరాకాష్ఠగా చూపిస్తారు. ఆ మాట వినడానికి బాగుండదు, నాకూ బాగుండదు. కానీ అది దేన్ని గురించిన మాట? ఎవరి దగ్గర బలముందో చెప్పిన మాట. ఎవరి దగ్గర న్యాయముందో చెప్పిన మాట కాదు. క్రియాన్ చేసింది సబబేనని ఇస్మీనీ రంగమంతా వెతికినా ఒక్క అక్షరం అనదు. తన మీద బలప్రయోగం జరుగుతోంది కాబట్టి పాతాళంలో ఉన్నవాళ్లు తనను మన్నించాలని వేడుకుంటుంది. మన్నింపు అడగడమంటే రుణం ఉందని ఒప్పుకోవడమే. ఈ నిజాయితీని థీబ్స్ పెద్దలతో పోల్చి చూడండి. గాయకబృందంగా వేదిక మీదికి వచ్చే ఆ పెద్దమనుషులు, క్రియాన్ తన ఆజ్ఞ వినిపించగానే, చచ్చినవాళ్ల మీదా బతికున్నవాళ్ల మీదా నీ ఇష్టం వచ్చిన చట్టం చేసుకోవచ్చునంటారు. వయసూ హోదా ఉన్న మగవాళ్ల మాట అది. వాళ్లకు జనం పెట్టిన పేరు వివేకులని, ఇస్మీనీకి పెట్టిన పేరు పిరికిదని. పైగా బలాబలాల గురించి ఆమె అంచనా ఎంత కచ్చితమో క్రియాన్ నోటినుంచే వింటాం. ఆడదాని చేతిలో ఓడితే ఇక మగవాణ్ణెలా అవుతానన్న ఆలోచన అతన్ని నాటకమంతా వెంటాడుతుంది. ఆంటిగొనీ ముందూ అంటాడు, కొడుకు ముందూ అంటాడు. అతను వేదిక మీదికి రాకముందే అతను ఎలాంటివాడో చదివి చెప్పింది ఇస్మీనీ ఒక్కతే.

అంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని సాధారణంగా ఎవరూ లేవనెత్తరు. ఆంటిగొనీ మొదట అడిగింది శవాన్ని ఎత్తడానికి తోడు రమ్మని. ఒంటరిగా వెళ్లింది కాబట్టి ఎత్తలేకపోయింది. పైన పొడిమట్టి చల్లి రాగలిగింది, అంతే. కాపలావాళ్లు ఆ మట్టిని ఊడ్చేశారు. మిట్టమధ్యాహ్నం ఆమె మళ్లీ వచ్చి మట్టి చల్లుతూ, కంచు పాత్రతో మూడుసార్లు తర్పణం వదులుతూ పట్టుబడింది. ఇస్మీనీ చెయ్యి కలిపి ఉంటే మొదటిసారే పని పూర్తయ్యేదేమో. ఈ నష్టాన్ని నేను కాదనను. ఇస్మీనీ నిరాకరణకు ఖరీదుంది, ఆ ఖరీదును ఆంటిగొనీ చెల్లించింది. పూడ్చడం గురించి ఆంటిగొనీదే న్యాయమని కూడా నాటకం స్పష్టంగా చెప్పింది. దేవతలు థీబ్స్ బలులను స్వీకరించడం లేదని జోస్యుడు టైరీసియస్ వచ్చి చెప్పాక దాని మీద వాదన లేదు. నా వాదన వేరు. శవం విషయంలో ఆంటిగొనీది న్యాయం కాబట్టి ఇస్మీనీ విషయంలోనూ ఆమెదే న్యాయమని అనుకోవడం దగ్గరే పొరపాటంతా జరుగుతోంది. ఒక పని చేయలేనని చెప్పడం, ఆ పని చేసే మనిషిని వదిలేయడం, ఈ రెండూ ఒకటి కావు. ఇస్మీనీ మొదటిది చేసింది. రెండోది ఒక్క క్షణం కూడా చేయలేదు.

దానికి రుజువు రంగం చివరి పంక్తుల్లోనే ఉంది. వెళ్లేదానివి వెళ్తున్నావు, ఈ సంగతి ఎవరికీ చెప్పకు, నేనూ గుట్టుగా ఉంచుతానంటుంది ఇస్మీనీ. లోకమంతా చాటు, నోరు మూసుకుంటే నిన్ను ఇంకా ద్వేషిస్తానంటుంది ఆంటిగొనీ. ఆజ్ఞను మీరేవాళ్ల పక్షం వహించొద్దని క్రియాన్ కాసేపటికే పెద్దలను హెచ్చరిస్తాడు. అలాంటి పాలనలో తెలిసీ నోరు విప్పకపోవడం కూడా నేరమే. నిజంగానే తర్వాత ఇస్మీనీ మీద కుట్రదారు ముద్ర పడుతుంది. అంటే పొద్దు పొడవకముందే ఆమె తన మెడను ఆ ప్రమాదంలోకి చాచింది. చివరగా, బుద్ధి తప్పి వెళ్తున్నా నీవాళ్లకు నువ్వు ఆప్తురాలివేనని చెప్పి లోపలికి వెళ్లిపోతుంది. రంగాన్ని ముగించే అవకాశాన్ని సోఫోక్లిస్ ఇస్మీనీకి ఇచ్చాడు. ద్వేషం మాటల తర్వాత ప్రేమ మాట వచ్చేలా ఆ చోటును ఆమెకు కేటాయించాడు. నాటకంలో ఆంటిగొనీ నోట అందరికీ గుర్తుండిపోయిన మాట, తన స్వభావం ప్రేమలో పాలుపంచుకునేదే తప్ప ద్వేషంలో కాదన్నది, క్రియాన్ ఎదుట వస్తుంది. మంచి మాట. కానీ అంతకుముందే, తొలి రంగంలో, బతికున్న తోబుట్టువును నేనూ ద్వేషిస్తాను, చచ్చినవాడూ ద్వేషిస్తాడని ఆమె రెండు విడతలుగా అని ఉంది. క్రియాన్ తన తొలి ప్రసంగంలో నగరానికి చెప్పేదీ ఇలాంటిదే: దేశంకన్నా ఆప్తుణ్ణి ఎక్కువ చేసుకున్నవాడు నా లెక్కలో లేడు. క్రియాన్ ఆజ్ఞ ఊరికి, ఆంటిగొనీ ఆజ్ఞ ఇంటికి. నాతో లేకపోతే శత్రువే. ఆంటిగొనీకీ క్రియాన్‌కూ ఉన్న ఘర్షణను రెండు ధర్మాల ఘర్షణగా హెగెల్ చదివిన తర్వాత లోకమంతా అలాగే చదువుతూ వచ్చింది. ఆ ఇద్దరూ ఎంత ఒకే తీరు మనుషులో కనిపించాలంటే మూడో మనిషి కావాలి. ఆ మూడో మనిషి తొలి రంగంలోనే ఉంది.

తర్వాత వచ్చే రంగం ఆమె వ్యక్తిత్వానికి పరీక్ష. ఆంటిగొనీ పట్టుబడ్డాక, లోపల ఇస్మీనీ మతిచెడినదానిలా ఉండటం చూశానంటూ క్రియాన్ దాన్నే నేరానికి సాక్ష్యం చేస్తాడు. ఆమె ఏడుస్తూ బయటికి వస్తుంది. ఇంట్లో చేరి నెత్తురు తాగిన పామువని క్రియాన్ తిడతాడు. నాకేమీ తెలియదని ఒక్క మాట అంటే చాలు, ఆంటిగొనీ కూడా దానికి సాక్ష్యం చెప్పేదే. ఇస్మీనీ మాత్రం, ఆంటిగొనీ ఒప్పుకుంటే, ఈ పనిలో నేనూ ఉన్నానంటుంది. ఇక్కడ విమర్శకులు రెండో నేరం మోపుతారు: చేయని పనిలో వాటా అడగడం, అయిపోయాక వచ్చి పేరు కోరడం. ఏ పేరు? అక్కడ దొరికేది మరణశిక్ష. పైగా అబద్ధంగా గొప్ప చెప్పుకునేవాళ్లు అవతలి మనిషి ఒప్పుకుంటేనే అన్న షరతు పెట్టరు. ఆమె అడుగుతున్నది నీ బాధలో తోడుగా ఉండనివ్వమని. ఉత్తమాటల ప్రేమ నాకొద్దని ఆంటిగొనీ తోసేస్తుంది. నువ్వు లేకుండా నాకు బతుకేమిటని ఇస్మీనీ అంటే, క్రియాన్‌ను అడుగు, నీకు అతనేగా కావలసినవాడని ఎత్తిపొడుస్తుంది. చావు ఎదురుగా నిలబడి ఉన్నవేళ, తొలి రంగం చివర తాను చెప్పిన మాటను ఇస్మీనీ ఆచరణలో పెడుతోంది. ఆంటిగొనీ తన పాత తీర్పునే మళ్లీ వినిపిస్తోంది. ఈ ఇద్దరిలో ఎవరు మారగలిగారో, ఎవరు తన మనసు తలుపు మూసేసుకున్నారో వేరే చెప్పాలా?

అక్కడితో ఆమె ఆగదు. నీ కొడుక్కి కాబోయే భార్యను చంపుతావా అని క్రియాన్‌ను నిలదీస్తుంది. ఆంటిగొనీకి మేనబావ హేమాన్‌తో పెళ్లి నిశ్చయమైన సంగతి నాటకంలో మొదటిసారి వినబడేది ఇస్మీనీ నోటనే. రాజును ఎదిరించలేమన్న మనిషే రాజుకు ఎదురు నిలిచి, అతనికి ఎక్కడ దెబ్బ తగులుతుందో అక్కడే తాకింది. ఆ రోజు క్రియాన్‌ను చివరికి కూల్చింది కొడుకు చావే. ఇక్కడే 572వ పంక్తి వస్తుంది: హేమాన్‌ను ఆప్యాయంగా తలుచుకుని, తండ్రి అతన్ని ఇలా అవమానిస్తున్నాడే అని బాధపడే పంక్తి. చేతిరాత ప్రతులు దాన్ని ఇస్మీనీకే ఇచ్చాయి. 1502లో వెనిస్‌లో ఆల్డస్ అచ్చువేసిన ప్రతి దాన్ని తీసి ఆంటిగొనీకి ఇచ్చింది. జెబ్ లాంటి మహాపండితుడూ ఆ మార్పునే నిలబెట్టాడు. అంత ఆర్ద్రమైన మాట కథానాయికదే అయి ఉండాలని వాళ్ల ఊహ. పండితుల మధ్య దాని మీద వాదం ఉంది, నాకు తెలుసు. కానీ ఆ రంగం నడకలో హేమాన్ గురించి మాట్లాడుతున్నది ఇస్మీనీ, క్రియాన్‌తో పంక్తికి పంక్తి వాదిస్తున్నది ఇస్మీనీ. ఆంటిగొనీ నాటకమంతటా హేమాన్ పేరు మరెక్కడా ఎత్తదు. ఆమె పిరికిదన్న నమ్మకం ముందే స్థిరపడి ఉండకపోతే ప్రతుల్లో ఉన్న మాటను ఆమె నోటినుంచి లాక్కోవాలన్న ఆలోచన ఇంత తేలిగ్గా చెల్లుబాటయ్యేది కాదని నా నమ్మకం.

అందరూ ఇస్మీనీల్లాగే ఉంటే నియంతలను ఎదిరించేదెవరని అడుగుతారు. గౌరవించాల్సిన ప్రశ్నే. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష రాజ్యమేలుతున్న రోజుల్లో రాబెన్ దీవి ఖైదీలు ఈ నాటకాన్ని ఆడుకున్నారు. 1973లో అథోల్ ఫ్యూగార్డ్, జాన్ కానీ, విన్‌స్టన్ న్చోనా కలిసి తయారుచేసిన ‘ది ఐలాండ్’లో ఇద్దరు ఖైదీలు ఆంటిగొనీ, క్రియాన్ వేషాలు వేసుకుని న్యాయవిచారణ రంగం ఆడతారు. ఇస్మీనీ అందులో లేదు. ఉన్నది ఇద్దరే నటులు, జైలు గదిలో వాళ్లకు కావలసింది ఆంటిగొనీయే. వాళ్లను తప్పుపట్టడానికి నాకేం అర్హత ఉంది? అయితే ఒక ఉద్యమానికి కావలసిన ఆంటిగొనీ వేరు, సోఫోక్లిస్ రాసిన నాటకం మొత్తం వేరు. నిరంకుశ పాలన కింద బతికేవాళ్లలో శవాన్ని ఎత్తడానికి వెళ్లేవాళ్లు కొందరైతే, వెళ్లలేక, కానీ గుట్టు బయటపెట్టకుండా, పట్టుబడినవాళ్ల పక్కన వచ్చి నిలబడి, అధికారి ముందు వాళ్ల తరఫున నోరు విప్పేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. మొదటివాళ్లు రెండోవాళ్లను నీచులని వెలివేస్తే ఏమవుతుందో ఈ నాటకంలో చూస్తాం: ఆంటిగొనీ ఒంటరిగా మిగిలింది. ఊరు లోలోపల ఆమెకోసం కుమిలిపోతోందని హేమాన్ తండ్రికి చెబుతాడు. ఆ సంగతి ఆమె దాకా చేరనే లేదు, తోడెవరూ లేరనుకునే గుహలోకి నడిచింది.

చివరగా ఒక అభ్యంతరం. ఇస్మీనీకి అంత విలువే ఉంటే సోఫోక్లిస్ ఆమెను సగంలో ఎందుకు వదిలేశాడు? నాటకం రెండో సగంలో ఆమె కనబడదు, ముగింపులో ఎవరూ తలవరు. దీనికి మొదటి జవాబు రంగస్థలానిది. గ్రీకు విషాదనాటకంలో మాట్లాడే పాత్రలన్నీ ముగ్గురు నటులే పంచుకుని వేస్తారు. ఇస్మీనీ ముసుగు తీసిన నటుడికి ఆ తర్వాత వేరే ముసుగులు ఉన్నాయి. రెండో జవాబు నాటకంలోనే ఉంది. ఇద్దరినీ చంపుతావా అని గాయకబృందం అడిగినప్పుడు, చెయ్యి వేయనిదాన్ని చంపనని క్రియాన్ వెనక్కి తగ్గుతాడు. ఇస్మీనీ బతుకుతుందన్న సంగతి ప్రేక్షకుడికి అలా తెలుస్తుంది. ఆ తర్వాతే ఆంటిగొనీ గుహకు నడుస్తూ, రాజవంశంలో మిగిలిన చివరి మనిషిని నేనేనంటూ పెద్దల ఎదుట విలపిస్తుంది. భర్త కోసమైనా, బిడ్డల కోసమైనా ఈ పని చేసేదాన్ని కాదు, తల్లిదండ్రులు పోయాక మరో తోబుట్టువు పుట్టడు కాబట్టే చేశానని అంతకు ముందు చెప్పిన నోటితోనే. ఆ ప్రసంగం సోఫోక్లిస్‌ది కాకుంటే బాగుండునని గోథే కోరుకున్నాడు. అరిస్టాటిల్ మాత్రం దాన్ని సోఫోక్లిస్‌దిగానే ఉదహరించాడు, అది ఉండాల్సిన చోటే ఉందని నాకూ అనిపిస్తుంది. తోబుట్టువు కోసం ప్రాణమిస్తున్న మనిషి, ప్రాణంతో ఉన్న తోబుట్టువును లెక్కలోంచి తీసేసింది. సోఫోక్లిస్ తీసేయలేదు. ఆమె బతికే ఉందని అంతకు 170 పంక్తుల ముందే క్రియాన్ చేత చెప్పించి, ఆంటిగొనీ మాట నిజం కాదని తెలిసిన ప్రేక్షకులుగా మనల్ని అక్కడ కూర్చోబెట్టాడు.